కొండ దాటని మాట

మా మనవరాలి పుట్టినరోజుకి ఎవరో రెండు వాకీటాకీలు తెచ్చిచ్చారు. పసుపు రంగువి, అరచేతిలో ఇమిడిపోతాయి. డబ్బా మీద ఒక కొండ బొమ్మ ఉంది. కొండకి ఇటు ఒక పిల్లాడు, అటు ఒక పిల్ల, ఇద్దరూ చెవి దగ్గర ఈ బొమ్మలు పెట్టుకుని నవ్వుతున్నారు. కొండ మీంచి వంకీలు తిరిగిన గీతలు అటునుంచి ఇటు పోతున్నాయి. దాన్ని చూసి మా పిల్ల పొంగిపోయింది.

ఒకటి నా చేతిలో పెట్టి, రెండోది పట్టుకుని మేడ మెట్లు దిగింది. గేటు దగ్గర నుంచి పలికింది. వీధి మలుపులో పలికింది. మందుల షాపు దాటి, కొత్తగా కట్టిన నాలుగంతస్తుల మేడ వెనక్కి వెళ్ళగానే నా చేతిలోది ఒకటే గరగర. మూకుడులో ఆవాలు వేగుతున్నట్టు. కాసేపటికి పిల్ల మూతి ముడుచుకుని తిరిగొచ్చింది.

"డబ్బా మీద అబద్ధం రాశారు అమ్మమ్మా. కొండ దాటుతుందన్నారు, ఇది మేడే దాటలేదు."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తి కాలేదు. ఆ గరగర నేను మొదటిసారి విన్నప్పుడు నాకూ ఇంచుమించు దాని వయసే. అప్పుడు కూడా ఒక పెద్దమనిషి మా ఊరందరినీ నిలబెట్టి, ఈ డబ్బా ఎంత దూరం మాట్లాడుతుందో చూడండి అన్నాడు. చూశాం. బాగానే చూశాం.

మా ఊరు కొండ కింద ఊరు. పాతపట్నం సంతకి మా వాళ్ళు తెల్లారకుండా బండి కట్టేవారు. ఊరి వెనకే కొండ, కొండ వాలులో మీరు రాగులు, సజ్జలు అనే చోళ్ళు, గంటెలు, కందులు. పల్లంలో కాస్త వరి. వానలు వెనకబట్టి గంటెలు పాలు పోసుకునే రోజులొచ్చాయంటే ఊళ్ళో సగం మంది మంచెల మీదే ఉండేవాళ్ళం. చిలకలు, పిచ్చికలు, జీనువాయిలు గుంపులు గుంపులుగా దిగేవి. ఒడిసెలలో రాయి పెట్టి విసిరేవాళ్ళు విసిరితే, మా లాంటి పిల్లలం గొంతు చించుకునేవాళ్ళం. మధ్యాహ్నానికి ముంతలో అంబలి, దాన్లోకి నంజుకోడానికి కాల్చిన ఎండుచేప వచ్చేవి. సాయంత్రం లేత కంకులు మంట మీద కాల్చి, అరచేతుల్లో నలిపి, పొట్టు ఊదుకుని తినేవాళ్ళం. ఆ ఊచబియ్యం వాసన, చేతికంటిన మసి, పొగకి కారే ముక్కులు. ఇప్పుడు ఆ గింజల్నే ఆరోగ్యమని పొట్లాలు కట్టి అమ్ముతున్నారు. మా ఇంట్లోనూ కొనుక్కొచ్చి వండారు. నాకు సయించలేదు.

మంచెలు పిట్టల కోసమే కాదు. మా వేపు కబురు మంచెల మీదుగా పోయేది. ఆవు తప్పిపోయినా, పెళ్ళివారు బయల్దేరినా, ఎవరైనా పోయినా, మా చేలో మంచె ఎక్కి ఒక కేక వేస్తే, దాన్ని పై చేలో మంచె అందుకునేది. అక్కణ్ణుంచి కొండ మలుపులో మంచె, అట్నుంచి అవతలి ఊరి మంచెలు. చుట్టూ తిరిగి రోడ్డున పోతే పూట పట్టే దూరం, అన్నం కుండ దించేలోపు మాట పోయేది. దానికొక పద్ధతి ఉండేది. కేక విన్నవాడు ముందు వెనక్కి తిరిగి "అందిందో…య్" అనాలి. తర్వాత మాట మార్చకుండా, ముక్క కలపకుండా ముందుకి అందించాలి. "అందిందో" అని వినపడేదాకా కేకేసినవాళ్ళు మంచె దిగరు. ఒకరి గుమ్మం ఒకరు తొక్కని ఇళ్ళవాళ్ళు కూడా, ఒకరినొకరు చూస్తే మొహం తిప్పుకునేవాళ్ళు కూడా, కేక మాత్రం అందించేవారు. అది అందించకపోవడమన్నది మా ఊళ్ళో ఎవరూ వినలేదు.

ఆ కేకల్లో మా చిన్నత్తది మొదటి పేరు. నాన్నకి చెల్లెలు, ఇంటికి చివరిది. ఆమె మంచె ఎక్కి గొంతెత్తిందంటే పై మంచె అక్కర్లేదు, ఏకంగా కొండ మలుపుకే పోయేది. నేను పుట్టేటప్పుడు అమ్మకి కష్టమైతే, అవతలి ఊళ్ళో మిషను ఆసుపత్రి నర్సమ్మని చిన్నత్త కేకే తీసుకొచ్చిందని చెప్పేవారు. అప్పటికి తనకి పరికిణీల వయసు. "నువ్వు ఏడిసిన ఏడుపు కంటే నా కేకే ముందే" అని నన్ను ఆటపట్టించేది.

ఆ గొంతుతో అల్లరి కూడా తక్కువ చెయ్యలేదు. పై మంచె మీద ఉండే మనిషి మా నానమ్మకి తమ్ముడి వరస. చిన్నత్తకి మావ. నాకు తాత అవుతాడు గానీ అందరూ మావ అంటే నేనూ మావే అనేదాన్ని. ఎర్ర తలగుడ్డ, నోటినిండా చుట్ట, ఎప్పుడూ ఎవరినో ఒకర్ని గిల్లే మాట. ఒకసారి ఆయన సంతకి పోయిన సమయం చూసి చిన్నత్త మంచె ఎక్కి "మావకి రెండో పెళ్ళో…య్!" అని కేకేసింది. కొండ మలుపు వాడు పద్ధతి ప్రకారం, మాట మార్చకుండా, అవతలికి అందించాడు. అవతలి ఊరు ఆయన అత్తవారూరు. సాయంత్రానికి బావమరదులు కర్రలు పట్టుకుని దిగారు. సంతనుంచి బెల్లం దిమ్మ నెత్తిన పెట్టుకుని వస్తున్న మావకి విషయం అర్థమయ్యేసరికి పొద్దు గుంకింది. నానమ్మ చిన్నత్తని చీపురుతో వీధంతా తరిమింది. మావ మాత్రం అరుగు మీద కూర్చుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు.

"ఒసే, నీ నోటికి తలుపు ఎట్టీవోడు ఇంకా పుట్టనేదే!" అన్నాడు.

పుట్టాడు. ఆ పైఏడు చిన్నత్త పెళ్ళయింది. ఆ మరుసటి వానాకాలం తొలి కాన్పుకి పుట్టింటికొచ్చింది. ఆమె వచ్చిన కొన్నాళ్ళకే మా బడిలో పోలీసు క్యాంపు దిగింది.

కొండ మీద అప్పుడు గొడవలు జరుగుతున్నాయి. ఎవరు ఎవరిని ఏం చేశారో పెద్దవాళ్ళు మా ముందు మాట్లాడేవారు కాదు. మాకు తెలిసిందల్లా బడి లేదని. మా బల్లల మీద పోలీసులు పడుకునేవారు. బడి కప్పు మీద వెదురు గడ కట్టి దాన్నుంచి తీగ లాగారు. లోపల మేష్టారి కుర్చీ పక్కన ఆకుపచ్చ ఇనప డబ్బా పెట్టారు. దాన్ని సెట్టు అనేవారు. దాని దగ్గర ఒక బక్క కానిస్టేబులు కూర్చునేవాడు, ఎక్కడో దూరపు జిల్లా మనిషి. కిటికీ కింద మేం చేరి తొంగి చూస్తే కసిరేవాడు కాదు. ఉదయం, సాయంత్రం అవతలి ఊళ్ళో ఉన్న పెద్ద క్యాంపుతో మాట్లాడేవాడు. "ఇక్కడంతా ప్రశాంతం. ఓవర్." ఇటు మాట అయిపోయాక ఓవర్ అంటే అటువాళ్ళు మాట్లాడాలని మాకు చెప్పింది అతనే. మేం ఇళ్ళకొచ్చి అన్నం పెట్టమనడానికి కూడా ఓవర్ అనేవాళ్ళం.

ఒకరోజు వాళ్ళ ఇనస్పెక్టరు ఊరి మగాళ్ళనందరినీ బడి ముందు కూర్చోబెట్టాడు. ఆడవాళ్ళు, పిల్లలు చుట్టూ నిలబడ్డాం. ఆయన లావుపాటి మనిషి, శుభ్రమైన మాట. మంచెల మీద కేకలు మానెయ్యాలన్నాడు. మీరు పిట్టల పేరు చెప్పి కొండ మీదవాళ్ళకి కబుర్లు అందిస్తున్నారు, ఈ రోజు నుంచి మంచె మీద నోరెత్తినవాణ్ణి తీసుకుపోతాం అన్నాడు.

"మరి పిట్టల్నేటి సెయ్యాల బాబూ?" అన్నారెవరో.

"రాళ్ళు విసురుకోండి. నోరు మెదపకండి."

"పేనాల మీదకొస్తే కబురెలా ఎల్తాది బాబూ?" ఇది మా నానమ్మ.

అప్పుడాయన నవ్వి, మా దగ్గర వైర్లెస్ ఉంది కదమ్మా, మీ కేకల కంటే దూరం పోతుంది, అవసరమొస్తే వచ్చి చెప్పండి, క్షణంలో కబురు పంపుతాం అన్నాడు. మాట మీద మాటగా, అదెంత దూరం పోతుందో చూపిస్తానన్నాడు. చేతిలో పట్టుకునే చిన్న సెట్టు ఒకటి ఇచ్చి ఒక కానిస్టేబుల్ని కొండదారిన నడవమన్నాడు. రెండో చిన్న సెట్టు తన చేతిలో పెట్టుకున్నాడు. మామిడితోట దగ్గర్నుంచి అతని గొంతు మా మధ్యలోకి వచ్చింది. ముసలాళ్ళు దణ్ణం పెట్టేశారు. గెడ్డలో నీళ్ళు దాటాక కూడా వచ్చింది. కొండ బొడిపె చుట్టూ తిరిగాడో లేదో, మాట పోయి గరగర మొదలైంది. ఇనస్పెక్టరు దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, పైకెత్తాడు. ఆవాలు వేగుతూనే ఉన్నాయి.

నానమ్మ ఊరుకోవచ్చుగా. ఊరుకోలేదు.

"బాబూ, ఆ బొడిపి కాడికి మా సిన్నది కేకేస్తే సక్కా ఇనబడతాదే. నీ డబ్బా అక్కడికే నోరు మూసీసుకున్నాదేటి?"

ఊరంతా గొల్లున నవ్వింది. మావ అయితే తొడ చరుచుకున్నాడు. నిండు కడుపుతో గుమ్మం పక్కన నిలబడ్డ చిన్నత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఇనస్పెక్టరు కూడా నవ్వాడు గానీ, ఇది చిన్నది, లోపలున్న పెద్దది కొండ దాటుతుంది అని గట్టిగా చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ మాట అందరం విన్నాం. పెద్దది కొండ దాటుతుంది.

అక్కణ్ణుంచి మా ఊరు మూగదైంది. మంచెల మీద మనుషులు నోళ్ళు కట్టుకుని కూర్చున్నారు. రాయి పడ్డ చోట పిట్టలు లేచి పక్క మడిలో వాలేవి. ఇలాంటి ఏడు వాటికి మళ్ళీ రాదు. ఇళ్ళల్లో కూడా మెల్లగా మాట్లాడటం అలవాటైపోయింది, బడిలో డబ్బా అన్నీ వింటుందని ఎవరో పుకారు పుట్టించారు. చిన్నత్తకి అది మరీ కష్టంగా ఉండేది. గుమ్మంలో కూర్చుని ఉప్పు చేప చీకుతూ, "గొంతుకి తుప్పట్టీసేలాగుందే. ఓ పాలి ఎల్లి ఆ సెట్టుకి నా గొంతు అరువిచ్చీనా?" అనేది. అమ్మ నోటికి చెయ్యడ్డం పెట్టేది.

ఆ రోజుల్లోనే మావని పట్టుకుపోయారు. పిట్టని తోలడానికి అలవాటు కొద్దీ "హో" అన్నాడట, అంతే. మర్నాడు వదిలేశారు. ఇంటికొచ్చాక వాళ్ళావిడ ఆయన్ని బోర్లా పడుకోబెట్టి, వీపుకి నూనె రాసింది. నానమ్మతో నేనూ చూడ్డానికి వెళ్ళాను. ఆయన మమ్మల్ని చూసి ఏ మాటా విసరలేదు. గోడవేపు తిరిగి పడుకున్నాడు.

తర్వాత కొన్నాళ్ళకి చిన్నత్తకి నొప్పులు వచ్చాయి. పొద్దున్నే మొదలయ్యాయి. వేణ్ణీళ్ళ కాగు, ఆముదం, మిరియాల కషాయం వాసన, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి తలుపేశారు. ఎండ అరుగెక్కేసరికి మంత్రసాని బయటికొచ్చి చేతులు కడుక్కుంది.

"అడ్డం తిరిగిపోనాది. నా సేతిలో నేదప్పా. నర్సమ్మ రావాల," అంది నానమ్మతో.

నాన్న బడికి పరిగెత్తి, వెంటనే తిరిగొచ్చాడు. కొండదారి మూసేశారట, ఎవర్నీ పోనివ్వరట. కేకకి ఒప్పుకోరట. రోడ్డున వెళ్ళమన్నారట. "సెట్టులో సెప్పమంటే సూస్తానన్నాడు," అన్నాడు నాన్న. పై పంచె నడుముకి బిగించి రోడ్డు పట్టాడు. ఆయన పరుగెత్తడం నేను చూడటం అదే మొదలు.

లోపల చిన్నత్త అరుపులు వినపడుతున్నాయి. కొండ మలుపు దాకా పోయే ఆ గొంతు అప్పుడు ఇల్లు దాటట్లేదు. నానమ్మ కాసేపు విని, నా చెయ్యి పట్టుకుని బడికి నడిచింది.

ఇనస్పెక్టరు వరండాలో కూర్చున్నాడు. అరవలేదు, కసరలేదు. కూర్చో అమ్మా అని మెట్లు చూపించాడు కూడా. బడి లోపలినుంచి చేపల పులుసు వాసన గుప్పుమంటోంది. నాకు ఆ పూట అన్నం లేదు, ఆ వాసనకి నా నోట్లో నీళ్ళూరాయి. అది తల్చుకుంటే నా మీద నాకే కోపం.

"బాబూ, ఒక్క మాట. నర్సమ్మా రా, అని ఒక్క మాట. మీ అవతలి కేంపుకి ఎదరే ఆసుపత్రి. పిల్ల సచ్చిపోతాది బాబూ."

"చూడమ్మా, అది ప్రభుత్వ పనులకి. అయినా నీ కోసం ప్రయత్నించాం. ఈ వేళ మబ్బుగా ఉంది. మాట కొండ దాటట్లేదు."

ఆయన ఆ మాట పూర్తి చేశాడో లేదో, లోపల సెట్టు గరగరమని, మనిషి పక్కన నిలబడి మాట్లాడినట్టు పలికింది. "హలో, హలో. పొద్దున్న పంపించిన చేపలు అందాయా? అయ్యగారికి నచ్చాయా? ఓవర్."

బక్క కానిస్టేబులు చెయ్యి మీట మీదే ఆగిపోయింది. మా వేపు చూశాడు, ఇనస్పెక్టరు వేపు చూశాడు.

"పలుకుతున్నాది కదా బాబూ," అంది నానమ్మ.

ఇనస్పెక్టరు తడుముకోలేదు. "రావడం వస్తుందమ్మా. పోవడం పోదు."

నానమ్మకి యంత్రాల సంగతి ఏం తెలుసు. నిజంగానే అలా ఉంటుందేమోనని ఒక్క క్షణం ఆగిపోయింది. ఆ పెద్దావిడ మొహంలో ఆ నమ్మకం తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. కొట్టినా ఇంత మంట ఉండేది కాదు. మేం మెట్లు దిగి వాకిలి దాటుతుండగా వెనకనుంచి కానిస్టేబులు గొంతు, తగ్గించి అన్నా, స్పష్టంగానే వినపడింది.

"అందాయి. బాగున్నాయంటున్నారు. ఓవర్."

నానమ్మ నిలబడిపోయింది. వెనక్కి తిరగలేదు. నా చెయ్యి వదిలేసి, ఇంటి వేపు కాకుండా మా పెరటి వెనక చేలోకి, మంచె దగ్గరికి నడిచింది. చీర ఎగదోపి నిచ్చెన ఎక్కింది. మోకాళ్ళ నొప్పులతో పీట మీదనుంచి లేవడానికే నా భుజం పట్టుకునే మనిషి. నేనూ వెనకాలే ఎక్కాను.

పై చేలో మంచె మీద ఎర్ర తలగుడ్డ కనపడుతోంది. మావ.

నానమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేకేసింది. "నర్సమ్మో…య్! సిన్నదానికి పురుడో…య్! అడ్డం తిరిగినాదో…య్!"

అన్నాళ్ళుగా ఊళ్ళో కేక లేదు. చేలమీది పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. ఎర్ర తలగుడ్డ తిరిగింది. ఆయన లేచి నిలబడ్డాడు. మా వేపు చూశాడు, అది నాకు బాగా కనపడింది. తర్వాత బడి వేపు చూశాడు.

తర్వాత కూర్చున్నాడు.

నానమ్మ మళ్ళీ కేకేసింది. గొంతు జీర పోయింది. నేనూ అరిచాను. నా పీల గొంతు ఎంత దూరం పోయిందో నాకు తెలీదు. "ఒరే తమ్ముడా! అందించరా! నీ మేనకోడల్రా!" అంది నానమ్మ. అది కేక కాదు, ఏడుపు. ఎర్ర తలగుడ్డ మంచె కమ్మల చాటుకి ఒదిగిపోయింది. అందిందో అన్న మాట రాలేదు. పోలీసులు చేనడ్డం పడి పరిగెత్తుకొచ్చారు. కంకులు విరుచుకుంటూ వచ్చి, నానమ్మని రెక్క పట్టుకుని కిందికి దింపి, నిచ్చెన లాక్కుపోయారు. పెద్దావిడని చూసి కొట్టలేదు. ఆ మాత్రం దయ చూపించారు.

లోపల చిన్నత్త ఆ కేక విందట. ఇల్లు చేనుకి ఆనుకునే కదా. ఇది చాలా ఏళ్ళ తర్వాత, అమ్మ తన చివరి రోజుల్లో నాకు చెప్పింది. నొప్పుల మధ్యలో కళ్ళు విప్పి, "అమ్మ కేకేసినాది. అందిందన్నారా వొదినా?" అని అడిగిందట. అమ్మ తలుపు వేపు చెవి పెట్టి వింది. ఏమీ లేదు. కేకేసే మనిషికి ఆ మాట కావాలని అమ్మకి తెలుసు.

"అందిందన్నారే. నర్సమ్మ బయల్దేరిపోనాది," అంది.

"మావే కదేటి. మావ గొంతేనా?" అందట చిన్నత్త. అవునంది అమ్మ. కాస్త కుదుటపడిందట. దీపాలు పెట్టేవేళకి పోయింది. బిడ్డ బయటికి రాలేదు.

నాన్న రోడ్డంతా చుట్టి వెళ్ళి, మిషను వాళ్ళ బండిలో నర్సమ్మని కూర్చోబెట్టుకుని మర్నాడు పొద్దున వచ్చాడు. నర్సమ్మ తెల్లచీరతో, సంచీతో దిగింది. వాకిట్లో జనాన్ని చూసి సంచీ అరుగు మీద పెట్టేసింది. నానమ్మ పక్కన మట్టిలోనే కూర్చుంది.

"నిన్న పొద్దుటాల నుంచి ఖాళీగానే కూర్చున్నానమ్మా నాను," అంది. "ఒక్క పేషెంటు కూడా రానేదు. ఎదరే కేంపు. ఆలు గట్టిగా మాటాడితే నాకు ఇనబడతాది. సేపల గురించి మాటాడుకుంటున్నారు, అదీ ఇన్నాను."



దినవారాల భోజనాలకి మావ వచ్చాడు. రాకపోతే ఊరు అడుగుతుంది కదా. తలగుడ్డ తీసేసి వరసలో కూర్చున్నాడు. ఎవరూ అడక్కుండానే, "ఆ ఏల గాలి అటు పక్కకి ఉన్నాదప్పా. నాకేటీ ఇనబడనేదు," అన్నాడు. ఇనస్పెక్టరుకి మబ్బు అడ్డమొచ్చింది, ఈయనకి గాలి. నానమ్మ వంకాయ కూర గిన్నె పట్టుకుని తనే వడ్డిస్తోంది. ఆయన విస్తరిలో అందరికీ వేసినట్టే వేసింది. మళ్ళీ వచ్చినప్పుడు ఆయన అక్కని పిలిచి "అప్పా, కూర" అన్నాడు. పక్కనున్నవాళ్ళందరికీ వినపడింది. నానమ్మ విననట్టు ముందుకి పోయి, తర్వాతి విస్తరిలో వేసింది. బతికున్నన్నాళ్ళూ ఆయన మాట ఆమెకి వినపడలేదు.

ఆ ఏడు గంటెలు మాకు తిరిగి విత్తనానికి కూడా రాలేదు, పిట్టలు తినేశాయి. కొన్నాళ్ళకి క్యాంపు ఎత్తేశారు. బడి కప్పు మీద తీగ అలాగే వదిలేసి పోతే కాకులు వాలేవి. మళ్ళీ మంచెలు కట్టారు, పిట్టల్ని తోలారు. కేక మాత్రం మళ్ళీ కొండ దాటలేదు. ఎవరూ ఆపలేదు, ఎవరూ వెయ్యలేదు. పైవాడు అందిస్తాడన్న నమ్మకం పోయాక మంచె ఎక్కి అరవడానికి ఎవరికి నోరొస్తుంది.

పెళ్ళయి, పిల్లలు పుట్టి, నేను ఆ ఊరికి ఎప్పుడో గానీ వెళ్ళేదాన్ని కాదు. ఒకసారి చుట్టాలింట్లో శుభకార్యానికి వెళ్తే, మావ మంచాన ఉన్నాడు, నిన్ను చూడాలంటున్నాడు అన్నారు. వెళ్ళాను. ఎముకల పోగు. నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ ఏల నాకు ఇనబడ్డాదే అమ్మా. మాటా మాటా ఇనబడ్డాది. యీపు మీద దెబ్బలు పచ్చిగున్నాయి. మల్లీ ఎట్టుకుపోతారని బయవేసీసినాది. మీ నానమ్మకి సెప్పనేకపోనాను. నీకు సెప్తన్నాను. ఇన్నావా?"

నా మొహంలోకి చూస్తూ ఆగాడు. ఏం కావాలో నాకు తెలుసు. విన్నాను మావా, అంటే చాలు. ఆయన వీపు నేను చూశాను. వాచిన ఆ చారలు, ఆ నూనె వాసన నాకు గుర్తున్నాయి. భయం ఎందుకేసిందో నాకంటే బాగా ఎవరికి తెలుసు. అయినా నా నోరు రాలేదు. రాలేదేమిటి, నేనే రానివ్వలేదు. దుప్పటి సర్ది, నీళ్ళ చెంబు దగ్గరగా జరిపి, బయటికొచ్చేశాను. ఆ నెలలోనే పోయాడని కబురొచ్చింది. క్షమిస్తే మనసు తేలికవుతుందని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నా బరువు నాకు అలవాటే.

"అమ్మమ్మా, ఇంకోసారి చూద్దాం," అని మనవరాలు మళ్ళీ మెట్లు దిగింది. "నేను మేడ వెనకనుంచి మాట్లాడతాను. వినపడితే చెప్పాలి. అబద్ధం చెప్పకూడదు."

నేను బాల్కనీలో నిలబడ్డాను. మందుల షాపు దాటింది, మేడ వెనక్కి తిరిగింది, జడ కూడా కనపడలేదు. చేతిలోది గరగరమంది. ఆ గరగరలో మా పిల్ల ఏదో చెప్తూనే ఉంటుంది, చెప్పి జవాబు కోసం ఆగి ఉంటుంది. ఎంత చెవి పెట్టినా ఒక్క ముక్క తెలియలేదు. మీట నొక్కినా నా మాట దానికి పోదు.

బొమ్మ పక్కన పెట్టి, పిట్టగోడ పట్టుకుని, ఊపిరి బిగించి, వీధి వీధంతా తలెత్తి చూసేలా అరిచాను.

"అందిందో…య్!"

అదేమందో నాకు వినపడలేదు. తలుపు వేపు చెవి పెట్టిన మా అమ్మకీ ఆ వేళ ఏమీ వినపడలేదు.